నేను ఆశా వర్కర్‌నా, ఆ ఇంటి కోడలినా? అంతస్తు, పాత్ర పాఠం చదువుతుంటే వచ్చిన సందేహం

కొబ్బరితోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు, కారణం తేలని కిడ్నీ జబ్బు చాలామందికి ఉన్న ప్రాంతం. ఎనిమిదేళ్లుగా మా అత్తవారి ఊళ్లోనే ఆశా వర్కర్‌గా చేస్తున్నాను. ఇంటర్‌తో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి దూరవిద్యలో బీఏ కట్టాను, వచ్చే నెలలో సోషియాలజీ పరీక్ష. అందులో అంతస్తులు, పాత్రలు, సమూహాలు అని ఒక యూనిట్ ఉంది. ఆరోపిత అంతస్తు, సాధిత అంతస్తు, పాత్ర సంఘర్షణ, పాత్ర ఒత్తిడి, అన్నీ చదివాను, నిర్వచనాలు అడిగితే రాసేస్తాను. కానీ సరిగ్గా ఆ పాఠం చదువుతున్న వారంలోనే మా ఇంట్లో ఒక విషయం వచ్చి పడింది. పుస్తకంలో మాటలు దానికి ఎలా అతుకుతాయో తెలియట్లేదు, ఏం చెయ్యాలో అంతకన్నా తెలియట్లేదు.

మా మామగారి తమ్ముడు, మేం చినమావయ్య అంటాం. కాస్త జీడితోట, కాస్త కొబ్బరి. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లన్నీ పడిపోతే మళ్లీ మొక్కల దగ్గర్నుంచి మొదలుపెట్టిన మనిషి. మొన్న ఊళ్లో క్యాంపు పెట్టి రక్తపరీక్షలు చేశారు. రిపోర్టులు పంచింది నేనే. ఆయన క్రియాటినిన్ 3.8 ఉంది, అంటే కిడ్నీలు సరిగా పనిచెయ్యట్లేదన్న లెక్క. పెరట్లో కొబ్బరి డొక్కల దగ్గర నిలబడి ఆ కాగితం చూసుకున్నారు, ఏమీ అనలేదు, నాలుగు మడతలు పెట్టి పంచె రొంటిన దోపుకున్నారు. నేను గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి పిలిచి, "అమ్మా, నీ పుస్తకంలో మాత్రం ఎక్కించకు. పిల్ల పెళ్లయ్యాక ఎక్కించుకుందువుగాని" అన్నారు. పుస్తకం అంటే జబ్బున్నవాళ్ల పేర్లు రాసుకునే నా రిజిస్టర్. ఆయన కూతురికి, అంటే మా ఆడపడుచుకి, విజయనగరం వైపు నుంచి సంబంధం వచ్చింది, దాదాపు కుదిరినట్టే.

రెండు రోజుల తర్వాత పెళ్లికొడుకు మేనత్త నాకు ఫోన్ చేశారు. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. "మీరు ఆశా కదమ్మా, మీకు తెలియకుండా ఉండదు. ఆ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందా లేదా, ఒక్క మాట చెప్పండి" అన్నారు. సిగ్నల్ సరిగా లేదు, మళ్లీ మాట్లాడతానని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది. అప్పట్నుంచి ఆ అబద్ధం ఒకటి నన్ను తినేస్తోంది.

దీన్ని పాత్ర సంఘర్షణ అనాలా, పాత్ర ఒత్తిడి అనాలా? పరీక్ష కోసం మాత్రమే అడగట్లేదు, దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


సిక్కోలు మాస్టారు:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో ఈ పాఠం చాలా ఏళ్లు చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివాక, ఇన్నేళ్లూ పిల్లలకి డాక్టరు తల్లి, టీచరు తండ్రి అని అరిగిపోయిన ఉదాహరణలు చెప్పానే అనిపించింది.

రాల్ఫ్ లింటన్ 1936లో అంతస్తునీ పాత్రనీ విడదీసి చెప్పాడు. అంతస్తు అంటే పీట అనుకో. నువ్వు కూర్చోకముందూ ఆ పీట ఉంది, నువ్వు లేచాక ఇంకొకరు కూర్చుంటారు. దానికి కొన్ని హక్కులు, కొన్ని బాధ్యతలు ఉంటాయి. ఆ పీట మీద కూర్చుని వాటిని నడిపించడం పాత్ర. పుట్టుకతో వచ్చేది ఆరోపితం, మన ప్రయత్నంతో వచ్చేది సాధితం. ఇక్కడ మా పిల్లలు ఎప్పుడూ తడబడేది "కోడలు" దగ్గరే. కోడలుగా ఎవరూ పుట్టరు, పెళ్లితో వస్తుంది కాబట్టి పుస్తకం లెక్కలో అది ఆరోపితం కాదు. కానీ ఆ పీట మీద కూర్చున్నాక ఎవరి ముందు నిలబడాలి, ఎవరి మాటకి ఎదురు చెప్పకూడదు అన్నవన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. కోడలు అని ఎవరైనా రాస్తే నేను ఈ రెండు వైపులా చూశాడా లేదా అని చూసి మార్కులు వేసేవాణ్ణి.

ఇప్పుడు ఆశా సంగతి. ఈ పథకం 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది, సుమారు వెయ్యి జనాభాకి ఒకరు. మార్గదర్శకాల్లో ఏముందో నీకు నాకన్నా బాగా తెలుసు: ఆ ఊళ్లోనే ఉండే మనిషి కావాలి, పెళ్లయినవాళ్లకి, భర్త లేనివాళ్లకి ప్రాధాన్యం. ఎందుకు? పెళ్లి కాని పిల్లయితే రేపు పెళ్లి చేసుకుని ఊరు వదిలి వెళ్లిపోతుందని. కోడలయితే ఇక్కడే ఉంటుంది, ఏ ఇంటి గడపైనా తొక్కగలదు, ఆడవాళ్లు వంటింట్లోకి పిలిచి మాట్లాడతారు. అంటే కోడలివి అయినా సరేలే అని కాదు, కోడలివి కాబట్టే నీకు ఆ పని ఇచ్చారు. రెండు పీటలకీ కలిపి మేకు కొట్టి ఇచ్చారు తల్లీ. నువ్వేదో సర్దుకోలేకపోతున్నావని బాధపడుతున్నట్టున్నావు, ఈ ఇబ్బంది ఆ ఉద్యోగం పుట్టుకలోనే ఉంది.

పరీక్ష వరకూ అయితే ఇలా రాయి. రెండు వేరు వేరు అంతస్తుల పాత్రలు గుద్దుకుంటే పాత్ర సంఘర్షణ, మావయ్య మాట నిలబెట్టే కోడలు, పేరు ఎక్కించే ఆశా. ఒకే అంతస్తు లోపల తలొక వైపు లాగితే పాత్ర ఒత్తిడి, మీ పని చూసే నర్సు ఏఎన్ఎమ్మేమో పుస్తకంలో అన్ని పేర్లూ ఉండాలంటుంది, ఊళ్లోవాళ్లేమో మా గుట్టు నీ దగ్గరే ఉండాలంటారు. ఇద్దరూ ఆశానే అడుగుతున్నారు. ఒక అంతస్తు చుట్టూ ఇలా ఎంతమంది ఉంటారో ఆ గుంపుని రాబర్ట్ మెర్టన్ 1957లో పాత్ర సమితి అన్నాడు, ఒత్తిడి మీద విలియం గూడ్ 1960లో రాశాడు. నీ సంగతిలో రెండూ ఉన్నాయి.

పరీక్ష బయట నేను చెప్పేది ఒకటి. నువ్వు రెండు ముడులని ఒకే ముడి అనుకుంటున్నావు. రిజిస్టర్ వేరు, ఫోన్ వేరు. ఫోన్ విషయంలో నీ పాత్రలు కొట్టుకోవట్లేదు. కోడలు చెప్పకూడదు, ఆశా కూడా చెప్పకూడదు, ఒక మనిషి రక్తపరీక్ష బయటివాళ్లకి చెప్పే హక్కు నీకు ఎవరూ ఇవ్వలేదు. "నా పని వల్ల తెలిసిన విషయాలు ఎవరి గురించీ ఎవరికీ చెప్పనండీ" అనెయ్. ఉందనీ అనకు, లేదనీ అనకు. మిగిలేది రిజిస్టర్, కష్టం అక్కడుంది.


నాలుగో మంచం:

చెల్లీ, నాది సోంపేట వైపు. నేను డయాలసిస్ మీద ఉన్నాను, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. సోషియాలజీ నాకు తెలీదు గానీ మీ మావయ్య మడిచి దోపుకున్న ఆ కాగితం నాకు తెలుసు. నేనూ దోపుకున్నాను.

పద్నాలుగు నెలలు దాచాను. నాదీ అదే కారణం, పెద్దమ్మాయి పెళ్లి. బీపీ మాత్రలు బియ్యం డబ్బాలో పెట్టుకునేవాణ్ణి, ఎవరైనా ఇంట్లో ఉంటే ఆ రోజు మానేసేవాణ్ణి. నడుం నొప్పి వస్తే మందుల షాపుకెళ్లి నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగాను. అవి కిడ్నీకి చేటని చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే నాకు జబ్బుందని ఎవరికీ తెలీదు కదా. దాచబట్టే ఇంత తొందరగా మంచం ఎక్కానని నేననను, డాక్టరూ అనలేదు. కానీ ఆ పద్నాలుగు నెలలు నన్ను చూసుకోవాల్సినవాళ్లు చూసుకోకుండా పోయాయి. మీ మావయ్యకి ఇంకేం చెప్పినా చెప్పకపోయినా నొప్పి బిళ్లల సంగతి మాత్రం ఇవాళే చెప్పు.

మాస్టారు పీటల గురించి రాశారు కాబట్టి ఇంకోటి. ఊళ్లో నన్ను తాపీమేస్త్రీ అనేవారు, ఫలానా వాడి తండ్రి అనేవారు, కోలాటం బాగా కడతాడనేవారు. ఇప్పుడు "డయాలసిస్ ఆయన". పెళ్లి భోజనాల్లో నా విస్తరి దగ్గరికి వచ్చేసరికి వడ్డించే కుర్రాడు ఆగిపోయి పక్కవాణ్ణి చూస్తాడు, పెట్టొచ్చా అని. మంచి మనసుతోనే చూస్తాడు. కానీ ఆ ఒక్క క్షణంలో నేను మేస్త్రీని కాదు, ఇంకేమీ కాదు. పుట్టి పెరిగింది కొబ్బరిచెట్ల కింద, పొటాషియం ఎక్కువని ఇప్పుడు కొబ్బరినీళ్లు తాగకూడదు. తోటలో ఎవరో బొండాం కొట్టి అలవాటుగా నాకు చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు ఒకసారి. అలాంటివి.

మీ పుస్తకంలో సమూహం అని కూడా ఉందన్నావు. మా డయాలసిస్ గదిలో మొదటి నెల ఎవరి మొహం వాళ్లు గోడకి తిప్పుకుని పడుకున్నాం. ఒకరోజు రెండో మంచం పెద్దాయనకి బీపీ పడిపోయింది, మాట రావట్లేదు, మూడో మంచం ఆవిడ చూసి సిస్టర్‌ని కేకేసింది. ఆ రోజు నుంచి మారిపోయింది. ఇప్పుడు ఎవరైనా పది నిమిషాలు లేటయితే ఫోన్లు వెళ్తాయి. బస్సులో ఎవరు ముందెక్కితే వాళ్లు మిగతావాళ్లకి తువ్వాలు వేస్తారు. ఒకాయన చనిపోయాక ఆ మంచం మీదకి కొత్త మనిషి వచ్చాడు, మొదటి రోజు మేం ముగ్గురం ఆయనతో మాట్లాడలేకపోయాం, తప్పని తెలుసు, అయినా మాట్లాడలేకపోయాం. రెండోసారి మూడో మంచం ఆవిడే మొదలుపెట్టింది, ఏ ఊరు బావూ అని.


సిక్కోలు మాస్టారు:

నాలుగో మంచం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సోషియాలజీ తెలీదన్నారు గానీ ఆ పాఠం మీరే చెప్పారు. మిగతావన్నీ మింగేసి మనిషికి ముందు నిలబడే అంతస్తుని మాస్టర్ స్టేటస్ అంటారు. ఎవరెట్ హ్యూజ్ 1945లో అమెరికాలో నల్లజాతి డాక్టర్ల ఉదాహరణతో ఇలాంటిదే రాశాడు, ఎదుటివాళ్లు ముందు ఆయన రంగుని చూస్తారు, డాక్టరు అన్నది తర్వాత గుర్తొస్తుంది. ఏది ముందు నిలబడాలో మనం తేల్చుకోం, ఎదుటివాళ్ల చూపు తేలుస్తుంది. మీ విస్తరి దగ్గర ఆగిన ఆ కుర్రాడి చూపు.

కొబ్బరితోటా, మీ మావయ్య గురించి కూడా దీన్నుంచే ఆలోచించు. టాల్కాట్ పార్సన్స్ 1951లో రోగి పాత్ర అని ఒకటి రాశాడు. జబ్బు చేసినవాడికి రోజూ చేసే పనుల నుంచి మినహాయింపు ఉంటుంది, జబ్బు వచ్చినందుకు వాణ్ణి తప్పుపట్టకూడదు. దానికి బదులుగా వాడు బాగవ్వాలని కోరుకోవాలి, వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. జ్వరం లాంటిదానికి ఇది సరిపోతుంది. ఉద్దానంలో ఏమవుతోంది? జబ్బు ఏళ్ల తరబడి ఉంటుంది, మొదట్లో మనిషి పైకి బాగానే ఉంటాడు, తోటపని చేస్తాడు. నేను రోగిని అని ఒప్పుకోగానే మినహాయింపు మాట అటుంచి పిల్ల సంబంధం పోతుంది. అందుకే మీ మావయ్య ఆ పాత్రలోకి రానంటున్నారు. మొండితనమని అనుకోకు, ఆ పాత్రకి కట్టాల్సిన ఖరీదు ఆయనకి తెలుసు.


గజపతినగరం నాన్న:

అందరూ ఒకవైపు నుంచే రాస్తున్నారు కాబట్టి మగపెళ్లివారి వైపు నుంచి నేను రాస్తాను, తిట్టుకున్నా పర్వాలేదు. నాకు పెళ్లికావలసిన కొడుకున్నాడు. ఆ మేనత్త గారు ఫోన్ చెయ్యడంలో నాకు తప్పు కనిపించట్లేదు. పెళ్లంటే అబ్బాయి ఉద్యోగం అడుగుతారు, జీతం స్లిప్పు చూస్తారు, తాగుతాడా అని పక్కింటివాళ్లని అడుగుతారు. మేం ఆరోగ్యం గురించి అడిగితే మాత్రం తప్పా? ఆ జబ్బు నీళ్ల వల్లా, మట్టి వల్లా, వంశంలో వస్తుందా అని అడిగితే ఇదీ అని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. తేలనిదాని గురించి భయపడటం తప్పంటే ఎలా? మాస్టారు చెప్పకూడదు అని సులువుగా అనేశారు.

ఇంకోమాట కూడా నిజాయితీగా చెప్తాను. మాకూ ఒకసారి మందస వైపు సంబంధం వచ్చింది, పిల్ల బాగుంది, చదువుకుంది. నేను పిల్ల గురించి ఆలోచించలేదు. మా అన్నదమ్ములు, వియ్యాలవారు ఏమంటారో ఆలోచించాను. ఉద్దానం పిల్లని తెచ్చుకున్నాడు, ఇంకెక్కడా దొరకలేదా అంటారేమోనని. వద్దనేశాం. కారణం కూడా చెప్పలేదు వాళ్లకి.


సిక్కోలు మాస్టారు:

మీరు ఉన్నదున్నట్టు రాసినందుకు సంతోషం. ఎవరి కళ్లతో మనల్ని మనం కొలుచుకుంటామో ఆ గుంపుని నిర్దేశక సమూహం అంటారు. మీకు ఆ రోజు మీ అన్నదమ్ములు, వియ్యాలవారు. సంబంధం మీది, తీర్పు వాళ్లది.

అయితే మీరు అడిగినదానికి జవాబు ఉంది. అడగడం తప్పు కాదు, కానీ అడగాల్సింది ఆ ఇంటివాళ్లని. ఆశాని కాదు. ఆశా ఒక ఇంటి సంగతి మీకు చెప్పిందంటే ఆ ఊళ్లో రేపటి నుంచి ఎవరూ ఆమెకి రిపోర్టు చూపించరు, రక్తం ఇవ్వడానికి రారు. ఒక్క సంబంధం కోసం వెయ్యిమంది పరీక్షలు ఆగిపోతాయి. జబ్బుకి కారణం తేలలేదన్నది నిజమే, ముట్టుకుంటే అంటుకునేది కాదన్నది మాత్రం తేలినదే, అయినా ఆ పేరు చెప్తే గ్లాసు పక్కన పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

మనవాళ్లు, పరాయివాళ్లు అనే గీత గురించి విలియం సమ్నర్ 1906లో అంతర సమూహం, బాహ్య సమూహం అని రాశాడు. "ఉద్దానం పిల్ల" అన్నప్పుడు మీరు గీసింది ఆ గీతే. ఆ గీత రాతిమీద గీసింది కాదండీ. సోంపేట బీలలో, అంటే అక్కడి చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, బెస్తవాళ్లు కలిసి నిలబడ్డారు, 2010 జూలైలో కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. ఆ బీలని నమ్ముకుని ఒకరిది పొలం, ఒకరిది వల. మామూలు రోజుల్లో ఎవరి పేట వాళ్లదిగా బతికినవాళ్లు ఒక చోట కూర్చుని "మనం" అన్నారు. నాలుగు మంచాలవాళ్లు కూడా అంతే, ఒక గదిలో పడుకున్నందుకు సమూహం కాలేదు, ఒకరి కోసం ఒకరు కేకేసిన రోజు అయ్యారు. అలా దగ్గరగా, ముఖాముఖి, నువ్వు లేకపోతే వెలితి అనిపించేదాన్ని చార్లెస్ కూలీ 1909లో ప్రాథమిక సమూహం అన్నాడు. పుస్తకాల్లో కుటుంబం, ఆటల తోడు, ఇరుగుపొరుగు ఉంటాయి. డయాలసిస్ గది ఉండదు. పరీక్షలో రాయమ్మా, దిద్దేవాళ్లు కాదనరు.


పార్వతీపురం వైపు ఏఎన్ఎమ్:

ఇప్పుడే చూశాను. సూటిగా చెప్తాను, అక్కా. పేరు ఎక్కించు. ఎక్కించకపోతే ఆయనకి మళ్లీ పరీక్ష ఎప్పుడో ఎవరూ గుర్తుచెయ్యరు, మందులు అందవు. నీ పుస్తకం ఊళ్లో అరుగు మీద పెట్టేది కాదు, నీ దగ్గర, ఏఎన్ఎమ్ దగ్గర, డాక్టరు దగ్గర ఉండేది. మావయ్యకి అది చెప్పు, ఎక్కించడం వేరు, చాటించడం వేరు అని. నువ్వు చెప్తే కోడలు నీతులు చెప్తోంది అనుకుంటారేమో, మీ ఏఎన్ఎమ్‌ని ఇంటికి తీసుకెళ్లి ఆవిడ నోటితో చెప్పించు. నేను మా ఆశాలకి ఎప్పుడూ అదే చేస్తాను, చుట్టాల ఇళ్లకి నేనే వెళ్తాను. కోపం నామీద ఉంటుంది, వాళ్లు రేపు ఆ ఇంట్లో భోంచెయ్యాలి కదా. ఇంకోటి, ఒక్క రిపోర్టుతో ఖాయం చేసుకోవద్దు. మూడు నెలలకి పైగా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బంటారు. కానీ 3.8 అంటే మూడు నెలలు ఇంట్లో కూర్చుని ఎదురుచూసే అంకె కాదు, వెంటనే చూపించండి.

ఒకటి అడుగుతాను. ఇంతమంది ఇంత రాశారు. ఆ పిల్లని ఎవరైనా అడిగారా?


కొబ్బరితోట:

ఇన్ని రోజులు జవాబివ్వనందుకు ఏమీ అనుకోకండి. ఆ చివరి ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. అడగలేదు. నాకు తట్టనే లేదు. దాచినా చెప్పినా పిల్ల కోసమే అనుకున్నాం గానీ ఎవరం పిల్లని అడగలేదు.

మా ఏఎన్ఎమ్ వచ్చి మావయ్యతో మాట్లాడారు. ఆయన మాట్లాడలేదు, వింటూ కూర్చున్నారు. నొప్పి బిళ్లల గురించి చెప్తే మా చినత్త లోపలికెళ్లి అల్మరా మీంచి రెండు అట్టలు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. నాలుగో మంచం అన్నయ్యా, మీరు చెప్పకపోతే మేం అడిగేవాళ్లం కాదు.

మేనత్త గారికి మాస్టారు చెప్పిన మాటే చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. అంటే ఉన్నట్టేగా అన్నారు. ఎవరి గురించి అడిగినా నేను ఇలాగే అంటానండీ అన్నాను. నమ్మారో లేదో తెలియదు.

ఆడపడుచుతో మాత్రం రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మాట్లాడాను. దానికి ముందే తెలుసు. నాన్న పంచె ఉతకడానికి తీస్తే రొంటిన కాగితం దొరికిందట, చదివి మళ్లీ అదే మడతల్లో పెట్టేసిందట. మేమందరం దాని దగ్గర దాస్తుంటే అది మా దగ్గర దాచింది. అబ్బాయితో తనే మాట్లాడతానంది, నంబరు తన దగ్గరుందట, అదీ మాకు తెలియదు. ఏమవుతుందో నాకు తెలియదు. నేనైతే వద్దనలేదు.

సోమవారం పొద్దున్న బస్సుకి మావయ్యని పలాస ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. నిన్న సాయంత్రం పిలిచి రొంటిలోంచి కాగితం తీసి ఇచ్చారు, రాసుకో అని. మడతల దగ్గర అరిగిపోయి తేదీ కనబడట్లేదు. నాకు గుర్తుంది కాబట్టి వేసుకున్నాను.